ఆరింటి కాగితం

సముద్ర పటం మీద మొదటి గీత గీయడానికి కూర్చున్నప్పుడు పెన్సిల్ నా మాట వినలేదు.

స్కేలు సరిగ్గానే పెట్టాను. సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేల మొన దగ్గర రాళ్ళున్నాయి. వాటికి మైలున్నర ఎడంగా పోవాలని నా లెక్క. పెన్సిల్ కొంత దూరం బుద్ధిగా వచ్చి, మొన దగ్గరికి రాగానే స్కేలును వదిలి ఎడమ వైపుకు జారింది. చెరిపి మళ్ళీ గీశాను. మళ్ళీ అక్కడే జారింది. టేబుల్ లైటును పక్కకు వంచి చూస్తే అప్పుడు కనిపించింది, కాగితంలో సన్నటి గాడి. అది అన్నయ్య గీసిన గీత. ఎప్పుడో చెరిపేశాడు గానీ నొక్కి రాసే చెయ్యి అన్నయ్యది. నలుపు పోయింది, లోతు పోలేదు.

నేను పళ్ళ సెట్లు చేస్తాను. డాక్టర్లు నోటి అచ్చులు పంపుతారు. వాటిలో ప్లాస్టర్ పోసి, మైనంతో చిగుళ్ళు దిద్ది, పళ్ళు అమర్చి తిరిగి పంపుతాను. ఆ నోళ్ళ మనుషుల్ని నేనెప్పుడూ చూడను. వాళ్ళు ఏ వైపు నములుతారో, నిద్రలో ఎంత గట్టిగా పళ్ళు కొరుకుతారో మాత్రం చెప్పగలను. పని ముగిశాక అదే బల్ల మీద, ఆరబెట్టిన దవడల మధ్య చోటు చేసుకుని, నెల రోజులుగా ఈ ప్రయాణానికి లెక్కలు వేస్తున్నాను.

పడవ చిన్నది, ఇరవై అడుగులు. లోపల ఒక మనిషి కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు. సరిగ్గా కూర్చుంటే తల పైకప్పుకు తగులుతుంది. అన్నయ్య పోయాక వదిన, "దాన్ని నా కళ్ళ ముందు నుంచి తీసెయ్" అంది. అమ్మేస్తానని అందరూ అనుకున్నారు. నేను నడపడం నేర్చుకున్నాను. మూడేళ్ళు రేవు చుట్టుపక్కలే, సాయంత్రానికి ఇల్లు చేరే దూరంలోనే తిరిగాను. రాత్రి బయట ఉండే ప్రయాణం ఇదే మొదటిది. మొదటి రోజు ఏరు సముద్రంలో కలిసే చోటికి, ఏటి మొగ దాకా వెళ్ళి అక్కడ లంగరు వేయాలి. రెండో రోజు మొన చుట్టి అవతలి చేపల రేవుకు చేరాలి. మొత్తం నలభై మైళ్ళు.

అన్నయ్య వెళ్ళిన దారి ఇదే. మా రేవు నుంచి ఇంత చిన్న పడవ పోగలిగిన దారి ఇదొక్కటేనని అడిగినవాళ్ళకు చెబుతున్నాను. అది నిజమే. నిజం వెనక కూడా మనిషి నక్కి ఉండగలడు.

ఇలాంటి ప్రయాణాన్ని చివరి నుంచి మొదటికి లెక్క కట్టాలి. మధ్యాహ్నం దాటితే మొన దగ్గర గాలి ఒక వైపుకు, నీళ్ళు ఒక వైపుకు లాగుతాయి. అలలు నిటారుగా లేస్తాయి. కాబట్టి పదకొండుకల్లా మొన దాటేయాలి. అలా దాటాలంటే ఏటి మొగలో ఆరున్నరకు లంగరెత్తాలి. అక్కడి ఇసుక మేట మీద పడవ ఆనకుండా పోవాలంటే అప్పటికి పోటు నిండుగా ఉండాలి. పొద్దున్నే పోటు అలా నిండే రోజులు నెలలో నాలుగైదుకు మించవు. వాటిలో వాతావరణం బాగున్న రోజు ఒకటి దొరకాలి.

పదకొండు అని రాస్తే, 'పదిన్నర వేసుకో' అని వెనక ఎవరో అన్నట్టుండేది. నేను తిరిగి చూసేవాణ్ణి కాదు. మనిషి ఒంటరిగా ఎక్కువసేపు లెక్కలు వేస్తే లెక్కలు తిరిగి మాట్లాడతాయని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. నన్ను భయపెట్టింది గొంతు కాదు. బతికుండగా అన్నయ్య ఎవరితోనూ అరగంట ముందు అన్న మాట అనలేదు.

అన్నయ్య టైలరు. వీధిలో అందరూ గురువారం మాస్టారు అనేవాళ్ళు. ఎప్పుడడిగినా గురువారం ఇస్తాననేవాడు. ఏ గురువారమో చెప్పేవాడు కాదు. ఇంట్లో మేమందరం అన్నయ్య టైముకు రెండు గంటలు కలపడం చిన్నప్పుడే నేర్చుకున్నాం. ఆరింటికి వస్తానంటే ఎనిమిదికి అన్నం వడ్డించేది అమ్మ. సొంత పెళ్ళికి కూడా అన్నయ్యకు చెప్పిన టైము వేరు, పెళ్ళికూతురి వాళ్ళకు చెప్పిన టైము వేరు. అది మా ఇంటి నవ్వులాట. అందులో ప్రేమ కూడా ఉండేది. ఒక మనిషిని ఎంత బాగా ఎరుగుదుమో చెప్పుకోవడానికి మాకు అంతకంటే మంచి కొలత లేదు.

ఆ శనివారం రేవుకు వెళ్ళేసరికి మేస్త్రీ పడవ కింద వెల్లకిలా పడుకుని అడుగు చెక్కను వేళ్ళతో తట్టి చూస్తున్నాడు. రేవులో పడవలు బాగుచేసేది ఆయనే. అన్నయ్యకు తాడు ముడి వేయడం నేర్పింది కూడా ఆయనే.

"ఏం పళ్ళ డాక్టరుగారూ, ముహూర్తం కుదిరిందా?" అన్నాడు లేవకుండానే.

"వచ్చే బుధవారం బయల్దేరితే గురువారం పొద్దున్న పోటు బాగుంది."

"గురువారమా." ఆయన నవ్వాడు, తర్వాత నవ్వు ఆపుకున్నాడు. "చిన్న తెరచాప కుట్లు చూసుకున్నావా?"

"చూశాను. ఒక్క దారం కూడా కదల్లేదు."

"కదలవు. మీ అన్న కుట్టిన చొక్కాలు నెలకే ఊడేవి. ఇవి మాత్రం నువ్వూ నేనూ పోయాక కూడా ఉంటాయి." లేచి కూర్చుని చేతులు దులుపుకున్నాడు. "కాగితం ఎవరికిస్తున్నావు?"

ఆ ప్రశ్న కోసం నెల నుంచి ఎదురుచూస్తున్నాను.

దూరం పోయే చిన్న పడవల వాళ్ళు ఒడ్డున ఒక మనిషికి కాగితం ఇచ్చి వెళ్తారు. ఏ దారిన పోతున్నారు, ఎక్కడ ఆగుతారు, పడవ రంగేమిటి, లైఫ్ జాకెట్ రంగేమిటి, అన్నీ అందులో ఉంటాయి. చివర్న ఒక టైము ఉంటుంది. ఆ టైముకు ఫోన్ రాకపోతే, కాగితం ఉన్నవాళ్ళు తీరరక్షణ వాళ్ళకు కబురు చేయాలి. సముద్రంలో ఉన్నవాడి ప్రాణం ఒడ్డున ఒకరి దగ్గర ఉంటుందంటే అర్థం అదే.

"మీకిద్దామని" అన్నాను.

"నాకా? నాకు కళ్ళజోడు దొరికేసరికి నువ్వు ఇంకో దేశం చేరిపోతావు. మీ వదినకియ్యి. ఆవిడైతే సెకను కూడా ఆగదు."

అన్నయ్య కూడా అదే మాట అన్నాడు. మూడేళ్ళ కిందట, నా బల్ల ముందు నిలబడి కాగితం మడత పెట్టి నా చేతిలో ఉంచుతూ, "మీ వదినకిస్తే నాలుగింటికే హెలికాప్టర్ పంపించేస్తుందిరా. నీ దగ్గరుంచు" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

కాగితంలో ఆరు అని ఉంది.

రెండో రోజు ఆరయింది. ఫోన్ రాలేదు. గడియారం చూశాను. అన్నయ్య ఆరు అంటే ఎనిమిది అనుకున్నాను. అనుకున్నాననడం కూడా తప్పే. అనుకోవాల్సిన అవసరం రాలేదు. చేతికి వేలున్నట్టు ఆ రెండు గంటలూ నాలో ఉన్నాయి. ఎనిమిదీ పదికి ఫోన్ చేశాను. అవతల ఉన్న ఆఫీసరు వివరాలన్నీ రాసుకుంటూ, "ఎన్నింటికి చెప్పమన్నారు?" అని అడిగాడు. "ఎనిమిదికి" అన్నాను. అబద్ధమాడుతున్నానని నాకు తెలియలేదు. ఆ నిమిషానికి అది నిజమే.

మర్నాడు పొద్దున్న పడవ దొరికింది. తెరచాప నిండుగా గాలి పోసుకుని, చిన్న దెబ్బ కూడా తగలకుండా, మనిషి లేకుండా. ఆ మర్నాడు అన్నయ్య దొరికాడు. ఒంటి మీద జాకెట్ ఉంది. జాకెట్ ఉన్న మనిషి నీళ్ళలో చాలాసేపు ఉంటాడు. "ఇంకో గంట వెలుతురుంటే బావుండేది" అన్నాడు ఆఫీసరు, నా భుజం మీద చెయ్యి వేసి. ఆ నెలలో పొద్దు ఏడింటికి కుంకుతుంది.

పడవలో ప్లాస్టిక్ సంచిలో ఒక నోటు పుస్తకం దొరికింది. 6.02, తాడు విప్పాను. 6.41, నీళ్ళలో తేలే ఎర్ర బోయా దాటాను. 9.17, గాలి మారింది. ప్రతి పేజీలో ప్రతి నిమిషమూ ఉంది. పడవ కొన్నాక ఆ నాలుగేళ్ళలో సముద్రం మీద అన్నయ్య ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు. మేమెరిగిన అన్నయ్య ఒడ్డున ఉండేవాడు. నీళ్ళ మీదికి పోయే మనిషి వేరు. ఆ మనిషితో నాకు పరిచయం లేదు. కాగితం రాసింది ఆ మనిషి.

వదినకు కూడా ఎనిమిదనే చెప్పాను. ఆఫీసరుకు ఒకటీ ఆమెకు ఒకటీ ఎలా చెబుతాను? కాగితం అడిగితే హడావిడిలో ఎక్కడో పోయిందన్నాను. అది నా బల్ల సొరుగులో, పళ్ళ రంగుల అట్ట కింద ఉంది.

మంగళవారం ఐదింటికి షాపుకు వస్తానని వదినకు ఫోన్ చేశాను. ఇప్పుడు షాపు నడిపేది ఆమే. వెళ్ళేసరికి బల్ల మీద కోటు గుడ్డ పరిచి సుద్దముక్కతో గీతలు గీస్తోంది. మెడలో టేపు వేలాడుతోంది. వెనక గోడకు పాత చెక్క హ్యాంగర్లు, వాటికి సగం కుట్టిన బట్టలు ఉన్నాయి. తలల్లేని ఆ భుజాల్లో కొన్ని ఇంకా అన్నయ్య కత్తిరించినవేనేమోనని ఎప్పుడు వచ్చినా అనిపిస్తుంది.

"ఐదంటే నాలుగూ యాభై తొమ్మిదికి దిగావు" అంది గడియారం చూసి. "మీ ఇద్దరూ ఒక తల్లికెలా పుట్టారో నాకు ఈ జన్మకు అర్థం కాదు."

"మేస్త్రీ చెప్పాడా?"

"మేస్త్రీ చెప్పాడు, మేస్త్రీ పెళ్ళాం చెప్పింది, గుండీలమ్మే అబ్బాయి కూడా చెప్పాడు. రేవులో కాకులకు కూడా తెలుసు. మరిదిగారు నాకు మాత్రం చివర్న చెప్తారు." సుద్దముక్క పక్కన పెట్టింది. "వెళ్ళొద్దంటాననుకున్నావా?"

"అంటారనుకున్నాను."

"అనను. ఆయనకు అన్నాను, విన్నాడా? ఏదీ, కాగితం తెచ్చావటగా. ఇలా ఇయ్యి."

నా జేబులో రెండు కాగితాలున్నాయి. నాది ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని వరసగా చదివింది. వేలు చివరి గీత దగ్గర ఆగింది.

"టైము రాయలేదేం?"

"మీరు చెబితే రాస్తాను."

"నేను చెప్పడమేంటి? పొయ్యేది నువ్వు." పెన్సిల్ తీసుకుంది. "ఆయనలా ఎనిమిదని మాత్రం పెట్టకు. ఎనిమిదికి చీకటి పడదా? ఎవడైనా చీకటి పడ్డాక వెతకమని రాసిస్తాడా? సముద్రం, సముద్రం అని ఊగిపోయే మనిషికి ఆ మాత్రం తెలీదా?" పెన్సిల్ కొస బల్ల మీద నొక్కింది. "ఆలస్యంగా వస్తే వచ్చాడు, చావులో కూడా ఆలస్యమేనా అనుకున్నాను. పోయినందుకు కాదు నా కోపం. ఆ ఎనిమిది మీద. మూడేళ్ళయింది, ఫోటో వంక సరిగ్గా చూడలేను."

ఈ మాట ఆమె ఇంతకుముందెప్పుడూ అనలేదు. నా అబద్ధం నన్ను కాపాడుతోందని మాత్రమే ఇన్నాళ్ళూ అనుకున్నాను. అది ప్రతిరోజూ ఎవరిని తింటోందో చూడలేదు. ఆమె చూపు ఆనే చోట చనిపోయిన మనిషిని నిలబెట్టి, నేను పక్కకు తప్పుకున్నాను.

రెండో కాగితం తీసి బల్ల మీద, కోటు గుడ్డ మీద పెట్టాను.

"ఎనిమిది కాదు వదినా. అన్నయ్య ఆరు అని రాశాడు."

ఆమె వెంటనే తీసుకోలేదు. ఆ చేతిరాతను దూరం నుంచే గుర్తుపట్టింది. తర్వాత మడత విప్పి చదివింది. ఏటి మొగ, మొన, తెల్ల పడవ, నారింజ రంగు జాకెట్. పెదవులు కదిలాయి. చివరికి వచ్చి, మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"పోయిందన్నావు."

"నా దగ్గరే ఉంది."

"ఎనిమిదీ పదికి చేశావు నువ్వు."

"అన్నయ్య ఆరంటే ఎనిమిదే కదా అనుకున్నాను."

ఆ మాట బయట ఎంత చిన్నగా వినిపించిందో. ఇల్లంతా కలిసి నవ్వుకున్న మాట, ఈ షాపులో నిలబడి అంటే ఇంకొకరి భాషలా ఉంది.

"ఆరు నుంచి ఎనిమిది దాకా ఏం చేశావు?"

మూడేళ్ళుగా నేను భయపడింది ఈ ప్రశ్నకే. ఎందుకు చేశావని అడుగుతుందని కాదు. దానికి సమాధానాలు చాలా పోగుచేసుకున్నాను.

"వంటింట్లో కొళాయి కారుతుంటే వాషర్ మార్చాను."

"బాగయిందా?"

"బాగయింది. ఇప్పటికీ కారదు."

ఆమె తల ఊపింది, పని సరిగ్గా జరిగిందని వినే మనిషిలా. అప్పుడే తలుపు తోసుకుని ఒకావిడ లోపలికి వచ్చింది, కోటు ట్రయల్ చూసుకోవడానికి. వదిన కాగితం మడిచి రవికలో పెట్టుకుంది. గుండుసూదులు పెదాల మధ్య పట్టుకుని ఆవిడ చుట్టూ మోకాళ్ళ మీద తిరిగింది. "చెయ్యి దించండి. ఊపిరి బిగబట్టకండి, రేపు వేసుకున్నాక వదలాలిగా." ఆవిడ నవ్వింది. "గురువారానికి ఇస్తారా?" అంది. "గురువారం ఐదింటికి" అంది వదిన. ఒక్క సూది కూడా వంకర పోలేదు. నేను హ్యాంగర్ల కింద నిలబడి ఆ చేతుల్నే చూస్తూ ఉండిపోయాను. పావుగంట పట్టింది.

ఆవిడ వెళ్ళాక వదిన సూదులు ఒక్కొక్కటే డబ్బాలో వేసింది.

"టైము రాయకుండా ఎందుకు తెచ్చావు?"

"తెలీదు."

"నాకు తెలుసు. నువ్వు కాగితమివ్వడానికి రాలేదు. నన్ను నీ కుర్చీలో కూర్చోబెట్టడానికి వచ్చావు. నువ్వు అక్కడ నీళ్ళ మీద ఉంటే, ఇక్కడ నేను కూడా ఓ రెండు గంటలు ఆగితే చెల్లుకు చెల్లు. అంతేగా?"

కాదందామనుకున్నాను. నెల రోజులుగా బల్ల ముందు కూర్చుని పోటు వేళలూ గాలి దిక్కులూ లెక్క కట్టిన మనిషి నాలోంచి ఎటో వెళ్ళిపోయాడు. మిగిలినవాడు అవునంటున్నాడు.

"నీ కాగితం నువ్వు తీసుకుపో" అంది. "ఆరయ్యాక నా చెయ్యి ఫోన్ మీదికి పోతుందో లేదో నాకే తెలీదు. నిజంగా తెలీదు. ఇలాంటి సంగతి నా గురించి నాకు చెప్పడానికా ఇంత దూరం వచ్చావు?"

"వెళ్ళడం మానేస్తాను."

"మానేసి ఏం చేస్తావు, ఇంకో కొళాయి బాగుచేస్తావా? వెళ్ళు. నిన్ను ఎరగనివాడికివ్వు కాగితం. ఎరిగినవాళ్ళు లెక్కలేస్తారు." తలుపు దాకా వచ్చింది. "ఆయన కాగితం నా దగ్గరే ఉంటుంది. చేరాక నాకు ఫోన్ చెయ్యకు."

మర్నాడు బయల్దేరే ముందు రేవు ఆఫీసుకు వెళ్ళాను. కొత్త గుమాస్తా, ఆ వారమే వచ్చాడట. కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఆరంటే కచ్చితంగా ఆరా? కొంతమంది అరగంట చూడమంటారు."

"చూడొద్దు."

"మీ ఇష్టం." స్టాంపు వేసి తేదీ రాశాడు. జాకెట్ రంగు సరిగ్గా కనబడలేదని మళ్ళీ అడిగాడు. నా మొహం మాత్రం చూడలేదు. అచ్చులు అందుకునేటప్పుడు నేను కూడా అలాగే ఉంటాను కాబోలు. ఆ చూడకపోవడం మీద ఆనుకుని మెట్లు దిగాను.

మొదటి రోజు అనుకున్నట్టే గడిచింది. రాత్రి ఏటి మొగలో పడుకున్నాను. పరుపు మధ్యలో ఒక పల్లం ఉంది. నాకంటే బరువైన మనిషిది. పక్కకు జరిగి పడుకున్నా నిద్రలో అందులోకే దొర్లాను.

రెండో రోజు మొన దగ్గర ఏమీ జరగలేదు. గాలి మెత్తగా ఉంది. రాళ్ళ మీద పక్షులు కూర్చుని ఉన్నాయి. అన్నయ్య పడవ మీంచి జారిన చోటు ఇదేనని చెప్పే గుర్తు ఒక్కటీ లేదు. వెనక నుంచి ఏ గొంతూ టైము సరిదిద్దలేదు. నెల రోజులుగా దాన్నుంచి పారిపోయినవాణ్ణి, అక్కడ దాని కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను. నీళ్ళు ఎండకు మెరుస్తున్నాయి. అంత అందంగా ఉండడం నాకు భరించరానిదిగా అనిపించింది.

రెండూ ఇరవైకి చేపల రేవులో తాడు కట్టాను. గుమాస్తాకు ఫోన్ చేశాను. "రాసుకున్నాను" అని పెట్టేశాడు.

తర్వాత వంట చేయలేదు, ఊళ్ళోకి పోలేదు. ఫోన్ మోకాళ్ళ మీద పెట్టుకుని పడవలోనే కూర్చున్నాను. చేయొద్దని ఆమె అన్నదంటే చేయకూడదు. ఆరయింది. ఏడింటికి పొద్దు కుంకింది. ఎనిమిదికి ఫోన్ మోగింది.

"చేరావా?" అంది వదిన.

"చేరాను. రెండున్నర లోపే."

"నాకు తెలీదు కదా."

షాపులో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

"ఆరింటికి ఫోన్ ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను" అంది. "వీడు ఉన్నాడో పోయాడో తెలీకుండా రెండు గంటలు ఎంత ఉంటాయో చూద్దామని. గడవవనుకున్నాను. ప్రాణం పోతుందనుకున్నాను. ఊరికే కూర్చోలేక, ఇంకో కోటుకు కాజాలు కుట్టడం మొదలుపెట్టాను. నాలుగో కాజా ముగించి తలెత్తి చూస్తే ఎనిమిదయింది."

"వదినా."

"అంత తేలిగ్గా పోతాయని నాకెవరూ చెప్పలేదు."

ఆమె గొంతులో ఏడుపు లేదు, కోపం లేదు. చీకట్లో ఏదో చేతికి తగిలితే అదేమిటో తడిమి చూస్తున్న మనిషి గొంతులా ఉంది. తర్వాత కూడా ఆమె ఫోన్ పెట్టేయలేదు. నేనూ పెట్టేయలేదు. పక్క పడవ వాళ్ళు దీపం వెలిగించుకుని, వలలో చిక్కుకున్న నాచు ఏరుతున్నారు.